పని మానిరా? మాన్పింపబడిరా?

లోకములో ప్రతి మనుష్యుడును తాను పని మానవలసిన దినమును ముందుగానే మనస్సున నిర్ణయించుకొని యుండును. సర్కారు ఉద్యోగికి ఆ దినమును శాసనమే నిర్ణయించును. రైతు తన కొడుకు చేతికి అందివచ్చు దినమని తలచును. నేతగాడు కడగొట్టు బిడ్డ పెండ్లి గడచిన దినమనును. దుకాణములో లెక్కలు వ్రాయు గుమాస్తా ఇంటి అప్పు తీరు దినమనును. ఎవరి లెక్క వారికి గలదు. కాని ఆ లెక్క చొప్పున పని మానగలిగినవారు ఎందరు? చదువరులు తమ వీధిలో, తమ బంధువర్గములో, ఏబదియేండ్లు దాటి ఇంట గూర్చున్న పదిమందిని వరుసగా తలచుకొని చూతురు గాక. తాము అనుకొన్న దినముననే మానినవారు ఇద్దరో ముగ్గురో యుందురు. తక్కినవారు ముందే మానినారు. ఏల మానినారని మనము వారిని అడుగము. అడుగకయే "విశ్రాంతి తీసికొనుచున్నాడు" అని సమాధానము చెప్పుకొందుము.

ఈ విశ్రాంతి యను మాట ఎంతవరకు నిజమో విచారింపవలసిన కాలము వచ్చినది. ఏలయన, పదవీవిరమణ వయస్సును ఒక యేడు పెంచవలెనా, రెండేండ్లు పెంచవలెనా యని సభలలోను పత్రికలలోను వాదములు చెలరేగుచుండ, ఏ వయస్సును చేరకమునుపే పని చేజారిన వారిని గూర్చి పలుకువారు అరుదుగా నున్నారు.

క్రిందటి వర్షకాలమున ఒక నేతగాడు మా కార్యాలయమునకు వచ్చెను. ఆతనిది మా పట్టణమునకు కొన్ని మైళ్ల దూరమున నున్న చేనేత గ్రామము. పదునాలుగవ యేట గుంటమగ్గములో కాళ్లు పెట్టినవాడు. అరువదియేండ్ల వరకు నేయుదునని, అంతలో రెండవ కుమార్తె పెండ్లి ముగించి, మగ్గమును తమ్ముని కొడుకునకు అప్పగింతునని లెక్క వేసికొన్నాడు. మగ్గము మూలబడి అప్పటికి ఏడాది దాటినది. ఆతడు వచ్చిన పని వేరు. బడి రికార్డు ప్రకారము ఆతనికి 52 ఏండ్లు. ఆధారు కార్డు ప్రకారము 47. ఆంధ్రప్రదేశములో నేతగానికి 50 ఏండ్లు నిండినగాని చేనేత పింఛను రాదు. కార్డు తీసిన దినమున ఎవరో అంచనాగా వేసిన ఒక అంకె ఆతనికిని పింఛనునకును నడుమ నిలిచినది. ఆ అంకెను దిద్దించు కాగితముల కొరకు వచ్చినాడు.

"పని ఎందుకు మానేశారు?" అని అడిగితిని.

"మానెయ్యాలని మానలేదండీ లాయరుగారూ. పోగు తెగితే కనబడటం లేదు. కనబడకపోతే అతుకు వెయ్యలేను. చీరకు మచ్చ పడితే మేస్త్రీ కూలి కోస్తాడు. రెండు చీరలకు కోశాడు. మూడోది ఇవ్వలేదు."

ఆ మాటలు నేటికిని నా చెవిలో నున్నవి. ఇందు విశ్రాంతి యెక్కడ నున్నది? సోమరితన మెక్కడ నున్నది? మానవలెనను సంకల్ప మెక్కడ నున్నది?

మనుష్యులు తాము తలచిన కాలమునకు ముందే పని మానుటకు కారణములను వెదకినచో అవి ముఖ్యముగా మూడు కానవచ్చుచున్నవి. మొదటిది దేహము, రెండవది గృహము, మూడవది యజమాని. ఈ మూటిలో నొకటి త్రోసిననే గాని సామాన్యముగా ఎవ్వడును జీవనాధారమును విడువడు. ఇది మన దేశమునకే పరిమితమైన సంగతియు గాదు. సంపన్నమగు అమెరికా దేశమున అనేక సంవత్సరములుగా ఏటేటా జరుగుచున్న విచారణలలో, పని మానినవారిలో రమారమి సగముమంది తాము అనుకొన్న దానికంటె ముందే మానితిమని చెప్పుచున్నారు. కారణములలో అగ్రస్థానము అనారోగ్యమునకును, పని యిచ్చిన సంస్థలో కలిగిన మార్పులకును దక్కుచున్నది. పని చేయుచున్నవారు 65వ యేట మానుదుమని తలచుచుండగా, మానినవారు 62వ యేటనే మానితిమనుచున్నారు. అంతటి దేశమందే లెక్కకును అనుభవమునకును నింత దూరమున్నప్పుడు, పనివారిలో పదింట తొమ్మిదిమంది అసంఘటిత వృత్తులలో నున్న మన దేశమున ఆ దూర మెంతయో ఊహింపవచ్చును.

మొదట దేహమును గూర్చి. గుంటమగ్గపు పని చూచినవారికి దీనిని వివరింపనక్కర లేదు. కాళ్లు గుంటలో నుంచి తొక్కుడు కర్రలను త్రొక్కుచు, వంగిన నడుముతో చేతులాడించుచు, చూపును పడుగుపై నిలిపి దినమునకు ఎనిమిది, పది గంటలు కూర్చుండవలెను. నలుబది దాటునప్పటికి దగ్గరి చూపు తగ్గుట సర్వమానవులకును సహజము. గుమాస్తాకు అది చిన్న యిబ్బంది; నేతగానికి జీవనోపాధికే ముప్పు. మోకాళ్లును నడుమును ఏబదియేండ్లకే వార్ధక్యమును తెలుపుచున్నవి. నిజామాబాదు, కరీంనగరము ప్రాంతముల బీడీలు చుట్టు స్త్రీల స్థితియు నిట్టిదే. చేటను ఒడిలో నుంచుకొని, తునికాకును కత్తిరించి, పొగాకు ధూళిని పీల్చుచు, వేయి బీడీల లెక్కకు కూలి పుచ్చుకొను తల్లికి మెడయు, వెన్నును, ఊపిరియు ఎన్నేండ్లు నిలుచును? తాటిచెట్టెక్కు గీతకార్మికుని సంగతి చెప్పనక్కరయే లేదు. కాలు వణకిన దినమే ఆతనికి పదవీవిరమణ దినము.

ఈ సత్యము ప్రభుత్వములకు తెలియనిది గాదు. తెలియుటచేతనే ఆంధ్రప్రదేశములోను తెలంగాణములోను సామాన్యుని వృద్ధాప్య పింఛనుకంటె నేతగానికిని గీతకార్మికునికిని ముందుగా, 50వ యేటనే, పింఛను ఈయవచ్చునని నిబంధన చేసినారు. తెలంగాణములో బీడీ కార్మికులకును పింఛను కలదు. మంచిదే. కాని ఈ నిబంధనయందలి అర్థమును మనము పూర్తిగా గ్రహించితిమా? ఆంధ్రప్రదేశ ప్రభుత్వము 2022లో తన ఉద్యోగుల విరమణ వయస్సును 62 గా నిర్ణయించెను. ఆ ప్రభుత్వమే నేతగాడు 50వ యేట పనికి అశక్తుడగునని అంగీకరించుచున్నది. ఒకే రాష్ట్రమున, ఒకే గాలి పీల్చు ఇద్దరు మనుష్యుల నడుమ పండ్రెండేండ్ల వ్యత్యాసమును శాసనమే ఒప్పుకొన్నది. ఇట్లు ఒప్పుకొన్న పిమ్మట, ఆ పండ్రెండేండ్ల సంపాదనను కోల్పోయినవానికి మనము ఈయవలసినది దయయా, పరిహారమా? ఉద్యోగికి కడపటి పండ్రెండేండ్లు అధిక జీతమునిచ్చు కాలము. నేతగానికి అవియే శూన్యకాలము. 2024 జూలై నుండి ఆంధ్రప్రదేశములో నిచ్చుచున్న 4,000 రూపాయల పింఛను ఆకలిని ఆపగలదు గాని ఆడపిల్ల పెండ్లిని చేయలేదు. కొడుకును కళాశాలకు పంపలేదు.

రెండవ కారణము గృహము. ఇది దేహముకంటె నిశ్శబ్దమైనది. కావున మరింత తరచుగా మరుగున పడుచున్నది. మా యెరుకలో ఒక ఉపాధ్యాయురాలు గలదు. ఒక ప్రైవేటు పాఠశాలలో ఇరువదియేండ్లు గణితము చెప్పినది. అత్తగారికి పక్షవాతము వచ్చినది. మగవారిద్దరును ఉద్యోగస్థులే, అయినను ఇంట నిలువవలసినది ఎవరను ప్రశ్నయే ఆ యింట పుట్టలేదు. ఆమె నలుబదితొమ్మిదవ యేట రాజీనామా నిచ్చినది. అత్తగారు నాలుగేండ్లు జీవించినది. పిమ్మట ఆమె తిరిగి పాఠశాలకు పోగా, ఆమె స్థానమున సగము జీతమునకు వేరొకరు పని చేయుచుండిరి. కాగితముపై నామె "స్వంత కారణములచే" రాజీనామా యిచ్చినది. ఆ స్వంత కారణము నిజముగా నెవరి స్వంతము? కుటుంబమంతటి భారమును ఒక్కతె తలపై నుంచి, దానికి స్వంతమని పేరు పెట్టితిమి.

ప్రసూతి సెలవును 2017లో 26 వారములకు పెంచినారు. కేంద్ర ప్రభుత్వోద్యోగినులకు బిడ్డల సంరక్షణకై సర్వీసు మొత్తమున 730 దినముల సెలవు గలదు. ఇవి ప్రశంసనీయములు. కాని మంచము పట్టిన వృద్ధుల సేవకై ఆపాటి ప్రత్యేకపు సెలవు ఏ శాసనమునందును లేదు. తల్లిదండ్రులను పోషింపని బిడ్డలను న్యాయస్థానమునకు ఈడ్చుటకు 2007లో చట్టము చేసితిమి. పోషింపవలెనని కోరు బిడ్డలకు తీరిక నిచ్చుటకు చట్టము చేయలేదు. ఆయుర్దాయము పెరుగుచున్న కొలదిని ఈ కారణము మరింత బలపడునే గాని తగ్గదు. ఇక బీడీ చేటయో కుట్టుమిషనో జీవనాధారముగా గల స్త్రీలకు రాజీనామా కాగితము సైతము లేదు. వారు పని మానినది ఏ పుస్తకమునను ఎక్కదు.

మూడవ కారణము యజమాని. ఇందు సర్కారును ఒక యజమానియే యని మరువరాదు. మన తెలుగువారికి ఇందుకు మరపురాని నిదర్శనము గలదు. సమైక్య ఆంధ్రప్రదేశమున 1979లో ఉద్యోగుల విరమణ వయస్సును 55 నుండి 58 కి పెంచిరి. 1983 ఫిబ్రవరిలో, నూతనముగా అధికారమునకు వచ్చిన నందమూరి తారక రామారావుగారి ప్రభుత్వము దానిని తిరిగి 55 కు తగ్గించెను. నిరుద్యోగులగు యువకులకు ఉద్యోగములు కల్పింపవలెనని చెప్పబడిన కారణము. ఆ నెల 28వ తేదీన 18,000 మందికి పైగా ప్రభుత్వోద్యోగులును, ప్రభుత్వరంగ సంస్థలలో 10,000 మందియు ఒక్క దినముననే ఇంటికి పంపబడిరి. మూడేండ్ల జీతమును నమ్ముకొని పెండ్లి ముహూర్తములు పెట్టుకొన్నవారు, ఇంటి పునాదులు వేసికొన్నవారు, కొడుకు చదువునకు అప్పు చేసినవారు వారిలో ఎందరో! 1984 ఆగస్టులో విరమణ వయస్సు తిరిగి 58 అయినది. ఈ పదునెనిమిది మాసములలో తెలుగు గుమాస్తాల దేహములలో ఏమి మార్పు గలిగినది? ఏమియు లేదు. మారినది యజమాని యిష్టము.

ఆ వ్యవహారము సర్వోన్నత న్యాయస్థానమునకు పోయెను. 1985 జనవరిలో, కె. నాగరాజు వ్యాజ్యమున, వయస్సును తగ్గించుట రాజ్యాంగవిరుద్ధము గాదని తీర్పు వచ్చినది. అదే సంవత్సరమున బి. ప్రభాకరరావు వ్యాజ్యమున, వయస్సును మరల పెంచినప్పుడు నడుమ తొలగింపబడిన వారిని ఆ లాభము నుండి వెలి వేయరాదని వేరొక తీర్పు వచ్చినది. అప్పటికి 58 నిండనివారిని తిరిగి కొలువులో చేర్చుకొనవలెననియు, నిండినవారికి నష్టమును పూరింపవలెననియు ధర్మాసనము ఆదేశించినది. ఈ రెండు తీర్పులను ప్రక్క ప్రక్కన నుంచి చదువుట మంచిది. వయస్సును నిర్ణయించు అధికారము ప్రభుత్వమునకు గలదని మొదటి తీర్పు చెప్పుచున్నది; ఆ అధికారపు దెబ్బ తగిలినవారిని గాలికి వదలరాదని రెండవది చెప్పుచున్నది. ఆ రెండవ ధర్మమును మనము 1985 లోనే వదలి వచ్చితిమేమో యని మా సందేహము.

ఏలయన పిమ్మట యజమానులు మరింత మృదువగు మార్గమును కనుగొనిరి. దానికి "స్వచ్ఛంద పదవీ విరమణ" అని పేరు. భారత సంచార నిగమములో 50 ఏండ్లు నిండినవారికి 2019లో ఇట్టి పథకమును ప్రకటించిరి. 2020 జనవరి 31వ తేదీన ఆ ఒక్క సంస్థ నుండియే 78,000 మందికి పైగా బయటకు వచ్చిరి. అందరును బలవంతము మీద వచ్చిరని మేము చెప్పము. లాభమును లెక్కించుకొని సంతోషముగా వచ్చినవారును గలరు. కాని జీతములు నెలల తరబడి ఆలస్యమగుచుండ, సంస్థ నిలుచునో కూలునో యను భీతి వ్యాపించి యుండ, ఇప్పుడు పోయినవానికి ఇంత, ఉన్నవానికి ఏమగునో తెలియదు అను స్థితిలో సంతకము చేసినవాని స్వచ్ఛందము ఎంతటి స్వచ్ఛందము? కాలుచున్న ఇంటినుండి బయటికి నడచినవాడు తన యిచ్ఛతోనే నడచినాడనుట ఎట్టిదో ఇదియు నట్టిదే.

ప్రైవేటు కొలువులలో ఇంతటి మర్యాదయు లేదు. ఏబదియవ పడిలో నున్న ఉద్యోగిని పిలిచి, "తొలగించితిమని వ్రాసినచో మీకే నష్టము, మీరే రాజీనామా వ్రాసి యిండు" అని హితము పలుకుట మా వృత్తిలో పలుమారులు వినిన కథ. ఆ కాగితపు విలువ యజమానికి తెలియును, ఉద్యోగికి తెలియదు. 1947 నాటి పారిశ్రామిక వివాదముల చట్టము, తొలగింపబడిన కార్మికునకు నోటీసును పరిహారమును ఈయవలెనని చెప్పుచునే, స్వచ్ఛందముగా విరమించినవానిని ఆ నిర్వచనము నుండి మినహాయించినది. ఎడతెగని అనారోగ్యముచే తొలగింపబడిన వానిని సైతము మినహాయించినది. 2025 నవంబరులో దాని స్థానమున అమలునకు వచ్చిన పారిశ్రామిక సంబంధముల స్మృతియు స్వచ్ఛంద విరమణను బయటనే ఉంచినది. కావున ఒక్క సంతకముతో తొలగింపు విరమణగా మారిపోవును. హక్కు అనుగ్రహముగా మారిపోవును.

ఇచట ఒక ఆక్షేపణను ఎదుర్కొనవలెను. పెద్దవారు తొలగినగాని చిన్నవారికి చోటెక్కడ? ఏబదియేండ్లవాని కొలువును కాపాడుట ఇరువదియేండ్లవాని నోటి కూడు తీయుట గాదా? 1983 నాటి వాదమిదే, నేటికిని వినబడుచున్నది. దీనికి మా సమాధానము: మొదట, నేతగాడు మగ్గము దిగినంతమాత్రమున యువకు డెవ్వడును ఆ మగ్గ మెక్కుట లేదు, ఆ మగ్గము మూలబడుచున్నది. పాఠశాలలో గణితపు పంతులమ్మ తొలగగా వచ్చినది సగము జీతపు ఉద్యోగము. రెండవది, తండ్రి సంపాదన ముందుగా నిలిచిన యింట మొదట నిలుచునది కొడుకు చదువు. పండ్రెండవ తరగతి చదువుచున్న బాలుడు దుకాణమున పొట్లములు కట్టుటకు పోవును. తండ్రి విడిచిన చోటు కొడుకునకు దొరకుట లేదు. తండ్రి మోయలేని బరువు మాత్రము దొరకుచున్నది. యువకులకు పని కల్పించుట ప్రభుత్వపు విధియే. కాని ఆ విధిని వారి తండ్రుల జేబు నుండి తీర్చుట న్యాయము గాదు.

ముందుగా పని మానుటయందలి అసలు కష్టము ఎచ్చట గలదో గుర్తింపవలెను. అది పని నిలిచిన దినమునకును పింఛను మొదలగు దినమునకును నడుమ నున్న ఖాళీలో గలదు. 2019లో అసంఘటిత కార్మికులకై నెలకొల్పిన శ్రమయోగి మాన్‌ధన్ పథకము నెలకు 3,000 రూపాయలు వాగ్దానము చేసినది. కాని 60 నిండిన పిమ్మటనే. 2015లో వచ్చిన అటల్ పింఛను పథకమునకును 60వ యేడే హద్దు. కార్ఖానా కార్మికునకు 1995 నాటి ఉద్యోగుల పింఛను పథకమున 58వ యేడు హద్దు. 50 నిండిన పిమ్మట ముందుగా కావలెనన్నచో తగ్గిన యేటేటికిని నూటికి నాలుగు వంతున కోత కోయుదురు. నడుము విరిగి 52వ యేట పని మానినవానికి ఐదవ వంతుకు పైగా కోత పడి, అది జీవితాంతము నిలిచిపోవును. రోగముచే ముందుగా మానినవానికి జరిమానా విధించుట ఏ ధర్మశాస్త్రమందలి న్యాయము? కూర్చుండి తినిన కొండలైనను కరగునని పెద్దలు చెప్పిరి. ఈ యిండ్లలో కరగుటకు కొండలు లేవు. భార్య మెడలోని పుస్తెల గొలుసు, రెండు సెంట్ల స్థలము, కుమార్తె పెండ్లికై కట్టిన చీటీ మాత్రమే గలవు. ఆ ఖాళీకాలమున కరగునవి అవియే.

అయినచో చేయవలసిన దేమి? మా తోచిన నాలుగు మాటలు మనవి చేయుదుము.

మొదటిది, వయస్సుతో బాటు వృత్తిని లెక్కింపవలెను. నేత, గీత, బీడీ, రాతిపని, గనిపని మొదలగు వృత్తులలో ఇరువదియైదు, ముప్పదియేండ్లు గడపినవానికి పింఛను హద్దును వయస్సుచేత గాక, చేసిన పనియేండ్లచేత నిర్ణయించుట న్యాయము. వైద్యుడు అశక్తుడని చెప్పినవానికి ముందస్తు కోత విధింపరాదు. సింగరేణి గనులలో వైద్యమండలి పనికి తగడని తేల్చిన కార్మికుని బిడ్డకు కొలువు కల్పించు పద్ధతి గలదు. ఒకని దేహము ముందుగా అరిగినచో ఆ యింటిని నిలుపవలసిన బాధ్యత ఆ దేహమును వాడుకొన్న సంస్థకు గలదను ధర్మమే దాని యందున్నది. ఆ ధర్మము బొగ్గుకే గాని నూలునకు వర్తింపదా?

రెండవది, మానుటకు ముందు వేరు పనిని చూపవలెను. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము, సర్వీసులో నుండగా అంగవైకల్యము గలిగిన ఉద్యోగిని ప్రభుత్వ సంస్థలు తొలగింపరాదనియు, అదే జీతముపై తగిన వేరు పని ఈయవలెననియు చెప్పుచున్నది. రంగులు గుర్తింపలేడని తొలగింపబడిన ఒక తెలంగాణ ఆర్టీసీ డ్రైవరునకు వేరు కొలువు చూపవలెనని 2025లో సర్వోన్నత న్యాయస్థానము ఆదేశించినది. స్టీరింగు పట్టరాని చేయి టిక్కెట్లు వ్రాయగలదు. స్టోరులో లెక్క చూడగలదు. ఈ న్యాయము ప్రభుత్వ సంస్థల గడప దాటి ప్రైవేటు కర్మాగారములలోను ప్రవేశింపవలెను.

మూడవది, రాజీనామా కాగితమునకు విచారణ గావలెను. 45 ఏండ్లు దాటిన ఉద్యోగి యిచ్చిన రాజీనామాను వెంటనే ఆమోదింపక, ఒక నెల గడువిచ్చి, ఆతడు కోరినచో కార్మికశాఖాధికారి యెదుట తిరిగి చెప్పుకొను అవకాశము కల్పింపవలెను. నిజముగా స్వచ్ఛందమైనదానికి ఒక నెల ఆలస్యము నష్టము చేయదు. వృద్ధుల సేవకై స్త్రీ పురుషు లిరువురికిని సెలవును శాసనముచే ఏర్పరుపవలెను. పురుషునకును ఈయనిచో ఆ సెలవు మరల ఆడుదాని మెడకే చుట్టుకొనును.

నాలుగవది ప్రభుత్వము కొరకు కాచుకొనవలసిన పని గాదు, మనము చేయదగినది. కన్ను తగ్గుటచే పని మానుచున్న వారిలో ఎందరికో కావలసినది పింఛను గాదు, కళ్లజోడు. అస్సాము తేయాకు తోటలలో నలుబదియేండ్లు దాటిన 751 మందిపై జరిగి, 2018లో ప్రకటింపబడిన ఒక పరిశోధనలో, దగ్గరి చూపునకు జోళ్లు పొందినవారి పని పొందనివారి కంటె రమారమి ఐదవ వంతు అధికమాయెను. సామాన్యమగు జోడు విలువ ఎంత? తెలంగాణములో 2018లోను, ఆంధ్రప్రదేశములో 2019లోను కంటి వెలుగు పేర కన్నుల పరీక్షలు జరిపి జోళ్లు పంచిరి. అట్టి పని ఒకనాటి ఉత్సవముగా గాక, నేతపేటలలోను బీడీ వాడలలోను ఏటేటా జరుగవలెను. ప్రతి గ్రంథాలయ సంఘమును సంవత్సరమునకు ఒక దినమైనను దీనికి వినియోగింపరాదా?

మా పట్టణమున కొందరము స్వచ్ఛంద సేవకులము ఆదివారములలో గ్రంథాలయపు అరుగుపై గూర్చుండి అర్జీలు వ్రాసి యిచ్చుచున్నాము. వచ్చువారిలో అధికులకు కావలసినది గొప్ప న్యాయము గాదు. ఒక తేదీ దిద్దుట, ఒక పత్రము సంపాదించుట, ఒక సంతకము చేయకుండ ఆపుట. పత్రిక చదువగల ప్రతివాడును ఈ మాత్రము సహాయము చేయగలడు. రాజీనామా వ్రాయుమని అడుగబడినవాడు ఇంటికి వచ్చి ఎవరితో నైన ఒక మాట చెప్పుకొని మరునాడు పోగలిగినచో, ఎన్ని యిండ్లు నిలుచునో!

ఆ నేతగాని మాట చెప్పి ముగింతుము. 2024 అక్టోబరులో సర్వోన్నత న్యాయస్థానము ఒక ప్రమాద పరిహారపు వ్యాజ్యమున, ఆధారు కార్డు పుట్టినతేదీకి నిదర్శనము గాదనియు, పాఠశాల పత్రమందలి తేదీయే అంగీకరింపదగినదనియు చెప్పియున్నది. ఆతని బడి పత్రమును తెప్పించి అర్జీ పెట్టితిమి. తేదీ దిద్దబడుటకు ఏడు మాసములు పట్టినది. ఆ నడుమ కన్నుల ఆసుపత్రికి పంపగా, ఎడమ కంటికి శుక్లమని తేలి, శస్త్రచికిత్స జరిగినది. కుడి కంటికి జోడు ఇచ్చిరి. ఇప్పుడు పోగు కనబడుచున్నది. కాని మోకాళ్లు గుంటలోనికి దిగనీయవు. కావున తమ్ముని కొడుకు నేయుచుండగా ప్రక్కన గూర్చుండి తెగిన పోగులు అతుకుచు, కండెలు చుట్టి యిచ్చుచున్నాడు. రెండేండ్లు ముందుగా ఎవరైన ఆతని కన్ను చూచి యున్నచో, ఆ రెండేండ్లును ఆతడు మగ్గముపైననే యుండెడివాడు. కుమార్తె పెండ్లికై కట్టిన చీటీ మధ్యలో పాడవలసిన అగత్యము కలిగెడిది గాదు.

విరమణ వయస్సు 62 గావలెనా, 65 గావలెనా యని వాదింపదలచినవారు వాదింతురు గాక. ఆ వాదము ముగియు లోపల, ఇంట గూర్చున్నవానిని ఒక్కమారు అడుగుడు: "మీరు మానినారా, మాన్పింపబడినారా?" ఆతడు చెప్పు సమాధానమును బట్టి మన శాసనములను దిద్దుకొందము.